కాలేహువా మడుగు మరణం

హిలో అనే ఆ దీవి పట్నంలో వాన పడని రోజు అరుదు. పడని వారం వస్తే ముసలివాళ్ళు చర్చిలో దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ ఏడాది అలాంటి వారాలు వరసగా రెండు వచ్చాయి. ప్రైవేటు డిటెక్టివ్ ఈనోక్ కహలే ఆఫీసు చేపల మార్కెట్ వెనక, టైర్ల కొట్టు మేడ మీద ఉంది. ఉక్కపోతకి కిటికీలన్నీ బార్లా తీసి, ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. బయట మెట్ల మీద ఎవరో పైకి వచ్చి, వెనక్కి దిగి, మళ్ళీ వచ్చిన చప్పుడైంది.

"మిడోరీ, తలుపు తీసిపెట్టమ్మా. రావాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాడు పాపం" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

మిడోరి తనోవుయే ఒకప్పుడు కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసేది. పోలీసులంతా చేతులెత్తేసిన ఒక కేసులో సాక్షి బోనెక్కిన కహలే నాలుగు మాటల్లో నిజం తేల్చడం చూసి, మర్నాడే ఉద్యోగం మానేసి ఆయన దగ్గర చేరింది. అరవై దాటిన ఆ భారీ మనిషి మీద ఆమె నమ్మకం ఇన్నేళ్ళలో ఒక్కసారీ సడలలేదు.

తలుపు దగ్గర నిలబడిన మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో గడ్డి పసరు ఇంకిపోయి ఉంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"నా పేరు రూబెన్ అగ్పావా. కాలేహువా పార్కులో గడ్డి కోస్తాను" అన్నాడు.

"కూర్చో. ఆ కన్ను ఎవరి పని?"

"మా బావమరిది ఐజయాది. పోనివ్వండి బాబాయ్. వాడి అక్క చచ్చిపోయింది. ఎవర్నో ఒకర్ని కొట్టాలి కదా."

కహలే కళ్ళు తెరిచాడు. కాలేహువా జలపాతం కింద ఒక స్త్రీ శవం దొరికిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె పేరు నోహెయా. కొండ కింద ఊళ్ళో రొట్టెల దుకాణంలో పనిచేసేది.

"తలమీద దెబ్బ ఉందట. ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయట. ఎవరో తలమీద కొట్టి మడుగులోకి తోసేశారని సార్జెంట్ మెడెయిరోస్ అంటున్నాడు. ఆ పొద్దున్న పార్కులో కార్లు ఆపేచోట మేమిద్దరం కీచులాడుకోవడం అందరూ చూశారు. సోమవారం వచ్చి నన్ను తీసుకుపోతారు."

"తోశావా?"

"లేదు."

"జైలంటే భయమా?"

మిడోరి మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. రూబెన్ గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"మడుగు దగ్గరికి దిగుతానంది బాబాయ్. కిందిదారి మూసేసి ఏళ్ళయింది, వద్దన్నాను. ఎందుకంటే చెప్పదు. 'నీకెందుకు, నాకు పనుంది' అంటుంది. కొండమీద మబ్బు పట్టింది, ఏరు పొంగితే పారిపోవడానికి కూడా చోటుండదు అన్నాను. 'పొంగితే వరద హారన్ మోగదా? మోగగానే వచ్చేస్తాలే' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. 'పో, పోయి చావు' అన్నాను."

గ్లాసు కింద పెట్టాడు.

"అదే ఆఖరి మాట. ఆ మాట పోలీసులకి చెప్పలేదు. ఆ రోజంతా పైన గడ్డి కోస్తూనే ఉన్నాను. కోపంగా ఉన్నా, మధ్యమధ్యలో మిషన్ ఆపి చెవొగ్గి విన్నాను. హారన్ మోగలేదు. అంటే ఏరు పొంగలేదు. ఆ ఏట్లోనే పుట్టి పెరిగిన మనిషి, పొంగని ఏట్లో, నడుం లోతు నీళ్ళలో ఎలా చస్తుంది బాబాయ్? నేను తోశానని వాళ్ళనుకుంటున్నారు. నా మాట పట్టుకుని అదే పోయిందని నేననుకుంటున్నాను. ఏదో ఒకటి తేల్చండి. నేను తోశానని తేల్చినా సరే."

మిడోరి ముఖం పక్కకి తిప్పుకుంది. కహలే మాత్రం అతన్నే చూస్తూ, "శవం దొరికినప్పుడు కాళ్ళకి ఏమున్నాయి?" అని అడిగాడు.

"ఏటిచెప్పులు. అడుగున నార దట్టంగా ఉంటుందే, నాచురాళ్ళ మీద జారకుండా, అవి."

"ఇంట్లోంచి బయల్దేరినప్పుడు?"

"బూట్లు" అని రూబెన్ ఆగిపోయాడు. "ఆ బూట్లు దొరకలేదు."

"అయితే ముందు వాటిని వెతుకుదాం" అని కహలే లేచాడు.

* * *

పార్కు అధికారి గ్లెన్ ఇనోకుచి వాళ్ళని లోయ అంచు దాకా తీసుకెళ్ళాడు. ఎదుటి కొండ మీంచి కాలేహువా కిందికి జారుతోంది. ఎప్పుడూ లోయంతా అదరగొట్టే జలపాతం ఇప్పుడు నల్లరాతి మీద తెల్లదారంలా వేలాడుతోంది.

"చూడండి ఖర్మ! ఇంత దూరం వచ్చి ఇదేనా అని జనం నన్ను తిడుతున్నారు. ఆ అమ్మాయి పోయిన రోజు నుంచి కొండమీద చుక్క పడలేదు" అన్నాడు ఇనోకుచి.

"ఆ రోజు పడిందా?"

"పైన మబ్బుగానే ఉంది. ఇక్కడేమో పొగమంచు. లోయ మొత్తం పాలు పోసినట్టయింది, కింద ఏరు కూడా కనపడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు."

"ఏరు పొంగి ఉండొచ్చుగా?"

"పొంగితే హారన్ మోగేది కదండీ. పైన ఏట్లో ఒక బుంగ తేలుతూ ఉంటుంది. నీళ్ళు పెరిగి అది లేచిందంటే హారన్ దానంతటదే మోగుతుంది. మళ్ళీ నీళ్ళు తగ్గేదాకా ఆగదు. అసలు దానితో బాధల్లా ఎక్కువ మోగుతుందనే. నాలుగు చినుకులకే అరుస్తుంది. హారన్ పక్కింటి ముసలాయన శామ్యూల్ కెయావే నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాడో! ఇంట్లో భార్య మంచం పట్టి ఉంది, ఆ చప్పుడుకి ఆవిడకి నిద్రలేదు, కాస్త దూరంగా జరపండయ్యా అని. పైవాళ్ళకి రాశాను. వాళ్ళు పలకలేదు."

"శామ్యూల్ అంటే నోహెయా తండ్రే కదా?"

"ఆయనే. ఎవరికీ రాకూడని కష్టం."

"హారన్ పాడైందేమో చూశారా?"

"మర్నాడే మెడెయిరోస్, నేను వెళ్ళి బుంగ పైకెత్తి చూశాం. చెవులు చిల్లులు పడేలా మోగింది. నిక్షేపంలా ఉంది."

కిందిదారి ముఖాన తుప్పు పట్టిన గొలుసు ఉంది. దాన్ని దాటుకుని కహలే, మిడోరి దిగారు. దారికి అటూ ఇటూ అడవి అల్లం మనిషెత్తున పెరిగి ఉంది. కహలే అడుగడుక్కీ ఆగి, చేతికర్రతో ఆకులు తొలగిస్తూ నడిచాడు. ఆఖరి మలుపు దగ్గర, ఒక రాతి మీద, అల్లం ఆకుల నీడలో బూట్లు కనపడ్డాయి. పక్కపక్కనే, ముక్కులు పైదారి వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. లోపల మేజోళ్ళు మడిచి ఉన్నాయి.

మిడోరి వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "తిరిగి వచ్చి వేసుకుందామనే పెట్టుకుంది బాబాయ్."

"అవునమ్మా. చచ్చిపోదామని వెళ్ళే మనిషి ఇంత సర్దుకోదు. ఎవరో నెట్టుకుపోతుంటే వెళ్ళే మనిషికి చెప్పులు మార్చుకునే తీరిక ఉండదు."

మడుగు నిశ్చలంగా ఉంది. ఒడ్డున రాళ్ళు ఎండి తెల్లబడ్డాయి. కహలే చుట్టూ చూసి, ముక్కు ఎగబీల్చి, "ఏదో కుళ్ళింది" అన్నాడు. వాసన నేల మీంచి రావటం లేదు. ఆయన తల పైకెత్తాడు. ఒడ్డున వంగి ఉన్న జామచెట్టు పైకొమ్మల్లో ఎండిన గడ్డీ, పుల్లలూ, మట్టీ కలిసి పక్షిగూడులా చిక్కుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒక వలసంచి వేలాడుతోంది.

"అందుకో చూద్దాం."

మిడోరి మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచింది. అందలేదు. రాయెక్కి కర్రతో లాగితే సంచి ఊడి కిందపడింది. లోపల ఏటి రాళ్ళకి అతుక్కుని ఉండే నల్లనత్తలు నిండా ఉన్నాయి. అన్నీ చచ్చి కుళ్ళిపోయాయి. సంచి మూతికి ఉన్న నాడా తెగి ఉంది.

"నడుముకి కట్టుకున్నట్టుంది" అన్నాడు కహలే. "సంచి ఎగరలేదు కదమ్మా. నీళ్ళే దాన్ని అక్కడ పెట్టాయి. పోలీసులు నేల అంతా గాలించి ఉంటారు. పైకి చూసి ఉండరు."

"అయితే ఏరు పొంగింది!"

"పొంగింది. ఆ రోజు తర్వాత వాన లేదు కాబట్టి, ఆ రోజే పొంగింది."

మిడోరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "అయితే రూబెన్ ఏ తప్పూ చెయ్యలేదు. ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం బాబాయ్!"

కహలే ముఖంలో సంతోషం లేదు. జలపాతం మొదలయ్యే కొండకొమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు. "హారన్ బాగానే ఉంది. ఏరు పొంగింది. మరి ఎందుకు మోగలేదు? ఆ మాట తేలకుండా మెడెయిరోస్ నమ్మడమ్మా. తేలాక..." అని మాట మింగేశాడు.

* * *

శామ్యూల్ కెయావే ఇల్లు జలపాతం పైన, ఏటి ఒడ్డునే ఉంది. పెరట్లో చేమమడి, దాని పక్కనే హారన్ స్తంభం. హారన్ గంగాళమంత మూతితో ఇంటికేసి నోరు తెరిచినట్టుంది. ముసలాయన గేటు దగ్గరికి ఎదురొచ్చాడు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉన్నాడు.

"నెమ్మదిగా మాట్లాడు ఈనోక్. మంచంలో ఉన్న ఎస్తర్‌కి తెలీదు. అమ్మాయి హొనొలులు వెళ్ళిందని చెప్పాం. డాక్టర్ ఇంకెన్నాళ్ళో లేదన్నాడు. ఆ కాసిని రోజులూ తెలియకుండానే పోనీ అని."

"అలాగే అన్నా. ఒక్కటే మాట. ఆ రోజు ఏరు పెరిగిందా?"

"లేదు. హారన్ మోగలేదుగా" అన్నాడు శామ్యూల్, చేమ ఆకుల మీద చూపు నిలిపి.

"హారన్ సంగతి సరే. ఏరు నీ వాకిట్లోనే ఉందిగా. కళ్ళతో చూశావా?"

"చెప్పాను కదా. పెరగలేదు."

కహలే మరి రెట్టించలేదు. మిడోరిని లోపలికి పంపి, తాను హారన్ స్తంభం వైపు నడిచాడు.

లోపల ఎస్తర్ దిండ్ల మీద ఒరిగి ఉంది. శరీరం పిల్లదాని శరీరంలా కుంచించుకుపోయింది గాని కళ్ళలో చురుకు తగ్గలేదు.

"ఎవరమ్మాయివే నువ్వు? పెళ్ళయిందా?"

"లేదు పిన్నీ."

"మంచిపని చేశావు. మా ఆయన్ని చూడు, రాత్రీ పగలూ ఆ మూల మంచం మీద కూర్చుని నా మొహమే చూస్తుంటాడు. చస్తానేమోనని కాపలా. అలా చూస్తుంటే మనిషికి నిద్రెలా పడుతుంది చెప్పు?"

మిడోరి నవ్వబోయి నవ్వలేకపోయింది.

"నొప్పి సరే, అది నా తోబుట్టువైపోయింది. ఆ దిక్కుమాలిన హారన్ ఒకటి! కన్ను మూతపడితే చాలు, అరుస్తుంది. 'ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు దాని పీక నొక్కవయ్యా' అని ఏడ్చాను మా ఆయన ముందు. ఏమైందో ఏమో, దేవుడు విన్నాడు. ఆ మధ్య ఒకరోజు పడుకున్నానమ్మా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పెళ్ళి కాకముందు అలా పడుకునేదాన్ని." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "లేచేసరికి నోహెయా నత్తలచారు తెచ్చి ఉంటుందనుకున్నాను. పొద్దున్నే అడిగాను, మీ నాన్నకీ మొగుడికీ చెప్పకే, పార్కులో ఏరకూడదని గోల చేస్తారు అని. తెస్తానంది. అంతే, మర్నాడు హొనొలులు వెళ్ళిందట. అమ్మతో ఒక మాటైనా చెప్పకుండా! రానీ దాని పని చెప్తాను."

మిడోరి చూపు అప్రయత్నంగా మూలనున్న శామ్యూల్ మంచం మీద పడింది. తలవైపు దిండు లేదు. పాత కోటు ఒకటి చుట్టిపెట్టి ఉంది.

ఆమె బయటికి వచ్చేసరికి కహలే ఒక పెట్టె ఎక్కి హారన్ మూతిలో తల పెట్టి చూస్తున్నాడు. హారన్ బయటంతా పాకుడు పట్టి ఉంది. కందిరీగలు మట్టిగూళ్ళు పెట్టాయి. లోపల మాత్రం తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఆయన వేలు పెట్టి మరమేకు సందులోంచి ఏదో లాగాడు. తెల్లటి బూరుగుదూది.

మిడోరి విన్నదంతా, చూసినదంతా చెప్పింది. చెబుతుంటేనే ఆమెకి అర్థమైంది.

"బాబాయ్, మనం ఇక్కడితో వదిలెయ్యకూడదా?"

"వదిలేస్తే సోమవారం రూబెన్‌ని తీసుకుపోతారు" అన్నాడు కహలే. "వాళ్ళు వదిలేసినా అతను తనని తాను వదలడు."

* * *

ఆదివారం మధ్యాహ్నం అందరూ శామ్యూల్ ఇంటి కారు షెడ్డులో కూడారు. భార్యని వదిలి రానని ముసలాయన అనడంతో అక్కడే కలవాల్సి వచ్చింది. ఎస్తర్‌కి మందిచ్చారు, నిద్రపోతోంది. పడకగది కిటికీ మూశారు. మెడెయిరోస్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇనోకుచి నిలబడే ఉన్నాడు. ఐజయా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. రూబెన్ షెడ్డు బయటే ఆగిపోయాడు.

"వీణ్ణి ఇక్కడికెందుకు పిలిచారు?" అన్నాడు ఐజయా. "మా అమ్మ ఉన్న ఇల్లు ఇది."

"వినరా అబ్బీ. విన్నాక నీ ఇష్టం" అన్నాడు కహలే. "లోపలికి రా రూబెన్."

ఆయన బూట్లూ, సంచీ బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచకుండా చెప్పుకుపోయాడు.

"నోహెయా మడుగు దగ్గరికి తన ఇష్టంతోనే వెళ్ళింది. తల్లి అడిగిన నత్తల కోసం వెళ్ళింది. పార్కులో ఏరడం నేరం, తెలిస్తే పార్కులో పనిచేసే మొగుడి ఉద్యోగానికి ఎసరు వస్తుంది. అందుకే అడిగినా చెప్పలేదు. బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి, ఏటిచెప్పులు తొడుక్కుని దిగింది. సంచి నింపింది. అప్పుడు నీళ్ళొచ్చాయి. ఈ సంచి దొరికిన కొమ్మ నా తలకన్నా ఎత్తున ఉంది మెడెయిరోస్. ఆ ఎత్తున వచ్చిన నీళ్ళు బండరాళ్ళని దొర్లించుకొస్తాయి. తలమీద దెబ్బ అదే. ఎవరి చెయ్యీ కాదు."

రూబెన్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. "దూకలేదా?"

"లేదు నాయనా. ఇంటికి రావడానికి బూట్లు సిద్ధంగా పెట్టుకుంది."

రూబెన్ అక్కడే నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఐజయా అతని వాచిన కంటి వంక చూసి తల దించుకున్నాడు.

"ఆగండి" అన్నాడు మెడెయిరోస్. "నీళ్ళొస్తే హారన్ మోగాలి కదా?"

"మోగింది. వినపడలేదు." కహలే జేబులోంచి దూది తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరో దాని నోట్లో దిండు కుక్కారు. మర్నాడు మీరు వచ్చేలోపు తీసేశారు. తీసేటప్పుడు లోపలి మట్టిగూళ్ళన్నీ ఊడిపోయాయి, దూది మరమేకుకి చిక్కుకుంది."

కహలే ముసలాయన ముందుకి ఒక మోడా జరుపుకుని కూర్చున్నాడు.

"అన్నా, నీ మంచం మీద దిండు ఏది?"

శామ్యూల్ చేతులు మోకాళ్ళ మీద కదలకుండా ఉన్నాయి. తొట్రుపాటు లేదు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురు చూసినట్టే ఉన్నాడు.

"ఏట్లో పారేశాను" అన్నాడు. "ఒక్కరోజుకే ఈనోక్. ఎస్తర్ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నిద్ర లేక పిచ్చెక్కుతోందని. పొద్దున నోహెయా వచ్చి వెళ్ళాక కుక్కాను."

"నీళ్ళు పెరగడం చూశావా?"

"చూశాను." ఆయన హారన్ స్తంభం వైపు తల తిప్పాడు. "దిండులోంచి పిల్లికూన మూలిగినట్టు వచ్చింది చప్పుడు. ఏరు గోధుమరంగు తిరిగింది. తీసేద్దామని స్తంభం దాకా వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఎస్తర్ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఎన్ని నెలలైందో అలా చూసి! కిందిదారి మూసేశారు కదా, కింద ఎవరుంటారులే అనుకున్నాను. వెనక్కి వచ్చేశాను."

"నాన్నా!" అని ఐజయా పెద్దగా అరిచాడు. ఆ అరుపు ఇల్లంతా వినపడింది. "నాకెందుకు చెప్పలేదు? వీణ్ణి నా చేత్తో కొట్టాను కదా! నువ్వు చూస్తూనే ఉన్నావు!"

"చెప్తే నన్ను తీసుకుపోతారు. మీ అమ్మ దగ్గర ఎవరుంటారు? అది పోయాక చెబుదామనుకున్నాను. రూబెన్‌ని తీసుకుపోయినా, తర్వాత విడిపించొచ్చు కదా అనుకున్నాను." ముసలాయన అల్లుడి వైపు చూడలేకపోయాడు. "నీ మొహం చూసిన ప్రతిసారీ చెప్పేద్దామనిపించింది అల్లుడూ. చెప్పలేదు."

"నేనేమనుకున్నానో తెలుసా మామయ్యా?" రూబెన్ కళ్ళు తుడుచుకోకుండానే అన్నాడు. "నా మాటకే చచ్చిపోయిందనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకుంటూ బతికాను. మీరొక్క మాట..."

పడకగది కిటికీ కిర్రుమంది.

ఎస్తర్ మంచం దిగి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. నెలల తరబడి లేవని మనిషి ఎలా లేచిందో ఎవరికీ తెలీదు. మిడోరి పరుగెత్తింది. ఆమెకన్నా ముందు రూబెన్ లోపలికి వెళ్ళి అత్తగారిని రెండు చేతులతో ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు.

"నోహెయా ఏదిరా?"

"హొనొలులు..." అంటూ రూబెన్ దుప్పటి లాగి కప్పాడు.

ఎస్తర్ అతని మొహం తడిమింది. "నేను నిద్రపోయిన రోజేనా?"

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

* * *

మెడెయిరోస్ ఆ రోజు ఎవర్నీ తీసుకుపోలేదు. వారం తిరక్కుండా ఎస్తర్ పోయింది. మందు నోట్లో పోస్తే ఉమ్మేసిందనీ, మంచినీళ్ళు కూడా ముట్టలేదనీ ఐజయా చెప్పాడు. తల్లిని పూడ్చిన మర్నాడే అతను పడవలో పనికి కుదిరి వేరే దీవికి వెళ్ళిపోయాడు. తండ్రితో ఒక్క మాట చెప్పలేదు.

శామ్యూల్ తనంతట తానే స్టేషన్‌కి వెళ్ళి కూర్చున్నాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని, శిక్ష వెయ్యమని చేతులు జోడించాడు. జడ్జి ఆయన వయసు చూసి, కష్టం చూసి, జైలు అక్కర్లేదని ఇంటికి పంపేశాడు. కోర్టు మెట్ల మీద ముసలాయన కహలే చొక్కా పట్టుకుని, "ఇంటికి పొమ్మంటున్నారు ఈనోక్. ఏ ఇంటికి?" అని అడిగాడు. కహలే ఆ తర్వాత చాలా రోజులు ఆఫీసుకే రాలేదు. అన్ని కేసుల్లోనూ ఆయన చెప్పిన ముగింపుని మురిపెంగా చెప్పుకునే మిడోరి, దీన్ని ఎవరికీ చెప్పలేదు.

వానలు మళ్ళీ మొదలయ్యాక ఒక పొద్దున రూబెన్ వచ్చాడు. కన్ను మానింది. మనిషి సగమయ్యాడు. పార్కులో పని మానేశానన్నాడు.

"ఒకటి అడగనా?" అంది మిడోరి, ఉండబట్టలేక. "మేము తేల్చకపోయి ఉంటేనే బాగుండేదా?"

రూబెన్ ఆలోచించాడు. "తెలీదక్కా. నేను చంపలేదని తేలింది. అది చావాలనుకోలేదనీ తేలింది. మామయ్య కూడా చంపాలనుకోలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరట్లేదు. ఇదివరకు నా మీద నాకు కోపం ఉండేది, దాన్ని పట్టుకుని పొద్దు గడిపేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు."

"మామగారిని చూశావా?" అని కహలే అడిగాడు.

"రోజూ అన్నం, చేప పొట్లం కట్టుకుని పైకి వెళ్తాను బాబాయ్. నిన్న కూడా వెళ్ళాను. గేటు దగ్గర నిలబడతాను. లోపల గుడ్డిదీపం ముందు కూర్చుని కనిపిస్తాడు. పిలుద్దామంటే గొంతు రాదు. గేటుకి తగిలించి వచ్చేస్తాను."

"తింటున్నాడా?"

"తెలీదు" అన్నాడు రూబెన్. "మర్నాటికి గేటుకి పొట్లం ఉండదు, ఆయనే తీశాడో కుక్కలు లాక్కుపోయాయో. నేను వెనక్కి తిరిగి చూడను."